కీమ్యాన్ సుత్తి
బాలాపూర్ నుంచి కోఠీకి పోతూ మలక్‌పేట రైలు వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా నాకు రైలు పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ గుర్తొస్తాడు. భుజాన సుత్తి, పానా, చేతిలో ఎర్రజెండా. రోజూ తన వంతు పట్టాల వెంట నడుస్తాడు. పట్టాను పట్టి ఉంచే కీ వదులైతే ఒక్క దెబ్బతో బిగిస్తాడు, పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు బోల్టులు తడిమి చూస్తాడు. ఎండకు ఇనుము సాగుతుంది గనుక పట్టాల మధ్య సందు మీదా ఓ కన్ను.

ఈ పట్టాలు వేసిన నిజాం రైల్వే 1874లో సికింద్రాబాద్–వాడి మధ్య మొదలై 1951లో మధ్య రైల్వేలో కలిసిపోయింది. దాని గుర్తుగా 1916 నాటి కాచిగూడ స్టేషన్ గుమ్మటాలను అందరూ ఫొటో తీస్తారు. పట్టాల వైపు వంగి చూసేది కీమ్యానొక్కడే! మలక్‌పేట మీదుగా పోయే ఈ లైను మీటర్‌గేజి నుంచి బ్రాడ్‌గేజికి మారింది. వానాకాలపు రాత్రి గస్తీలో లాంతరు పోయి టార్చి వచ్చింది. నడక మాత్రం కాళ్లతోనే.