హాస్యచిత్రములందుఁ బౌరుషస్వరూపము

హాస్యరసము స్త్రీలయందును నీచప్రకృతులయందును మిక్కిలిగాఁ గనఁబడునని భరతుఁడు నాట్యశాస్త్రమునఁ జెప్పెను. ప్రహసనములను విడిచినచో, ప్రాచీననాటకములలో నవ్వించు భారము విదూషకునిదే. నాయకుని ధీరత్వము నవ్వునకు గుఱి కాదు. తెలుఁగు చలనచిత్రములును జాలకాలము ప్రాయికముగా నీ విభాగమునే పాటించినవి. ఈ కట్టుబాటు సడలిన తీరు మూఁడు చిత్రములవలన స్పష్టమగును.

వంశీ దర్శకత్వమున 1986లో వెలువడిన ‘లేడీస్ టైలర్’ చిత్రమున రాజేంద్రప్రసాదు ధరించిన సుందరము సోమరి. తొడపై మచ్చగల యువతిని బెండ్లాడిన నదృష్టము పట్టునని నమ్మి, యట్టి దానికై యూరెల్ల వెదకును. ఇందు నాయకుఁడే నవ్వులపాలయ్యెను. కాని యా నవ్వులోఁ జాలభాగము స్త్రీలను వంచించుటపై నాధారపడినది. పురుషుని గాంభీర్యము తగ్గెనే కాని స్త్రీ గౌరవము పెరుగలేదు.

రాజమౌళి దర్శకత్వమున 2010లో వెలువడిన ‘మర్యాద రామన్న’కు బస్టర్ కీటన్ 1923 నాఁటి మూకచిత్రము ‘అవర్ హాస్పిటాలిటీ’ మూలము. పగవారి యింట నున్నంతవఱకు రాముఁ డతిథి. గడప దాటెనా, చావు తప్పదు. భయానకమునకు స్థాయియైన భయమే యిందు హాస్యమున కంగమైనది. అయినను దుదకు నాతఁడు నాయికకై ప్రాణమునకుఁ దెగించును. పిఱికితనము నవ్వింపవచ్చును గాని, నాయకత్వము వీరమువలననే సిద్ధించునను పాతనియమము చెక్కుచెదరలేదు.

తరుణ్ భాస్కర్ 2016లోఁ దీసిన ‘పెళ్ళిచూపులు’ ఇంకొక యడుగు ముందునకు వేసినది. ప్రశాంతునకు వంటయం దాసక్తి; చిత్రకు వ్యాపారమున దక్షత. ఇరువురును గలసి బండిపై భోజనశాల నడుపుదురు. ఇందు గరిటె పట్టిన పురుషుఁడు నవ్వునకు గుఱి కాఁడు. ఉద్యోగమును గట్నమును బురుషుని విలువకుఁ గొలతలని తలఁచు లోకమే గుఱి. అతఁడు మగవాఁడనిపించుకొనుటకుఁ బోరాటమున గెలువ నక్కఱలేదు.

సంస్కృతమున ‘దార’ శబ్దము పుంలింగము, ‘భార్యా’ శబ్దము స్త్రీలింగము, ‘కళత్ర’ శబ్దము నపుంసకలింగము. అర్థము మాత్ర మొక్కటే. లింగము శబ్దమునకుఁ బ్రయోగమువలనఁ గలుగునే కాని వస్తువువలనఁ గాదు. లోకము పౌరుషమని పిలుచు గుణములును నట్టివే. ప్రయోగము మాఱిన నవియు మాఱును. కాని నాయకుని దౌర్బల్యమును జూపినంతమాత్రమున మార్పు వచ్చినదని సంతసింపరాదు. ఆ నవ్వు చెలరేఁగునప్పుడు చిన్నఁబోవువా రెవ్వరో విచారించుటయే విమర్శకుని కర్తవ్యము.