పైథాన్ భాషలో అక్షర సంస్కరణ

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, తెలిసినవి అంకెలే. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుష్యులు చేసుకొన్న ఏర్పాటు. ఆ ఏర్పాటును నడుమ మార్చినయెడల పాత ప్రోగ్రాములు ఏమి కావాలి? పైథాన్ అనే ప్రోగ్రాము భాషలో ఈ ప్రశ్న తీవ్రంగా తలెత్తింది.

ఆ భాష రెండవ తరంలో పాఠ్యం రెండు విధాలు: ఉత్త బైట్ల వరుస ఒకటి, యూనికోడు పాఠ్యం మరొకటి. రెండింటినీ కలిపినప్పుడు బైట్లను 128 సంకేతాల ఆస్కీ పట్టిక ప్రకారం యంత్రమే మార్చుకొనేది. ఇంగ్లీషు పేర్లున్నంతసేపు పని చక్కగా సాగేది. తెలుగు పేరు ఒకటి బైట్ల రూపంలో వచ్చిందా, ప్రోగ్రాము ఆగిపోయేది. "తెలుగు" అన్న మాటనే తీసుకొందాం. యూనికోడులో దీనికి మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు. కనుక పొడవెంత అని అడిగితే బైట్ల వరుస 18 అనేది. మూడవ పైథాన్ 6 అంటుంది. (బడిపిల్లవాడు 3 అంటాడు, ఆ తగవు వేరు.)

2008 డిసెంబరులో వెలువడిన మూడవ పైథాన్ పాఠ్యమంటే యూనికోడే అన్నది. బైట్లు వేరే జాతి. పాఠ్యంతో కలపబోతే, ఇంగ్లీషు మాటలైనా సరే, తప్పు చూపుతుంది. ఇది న్యాయమైన నిర్ణయం. ఆక్షేపించవలసినది అమలుపరచిన తీరును.

పూర్వం యూనికోడు పాఠ్యానికి ముందు యు అనే రోమన్ అక్షరం చేర్చేవారు. కొత్త భాష దానిని అనవసరమని తీసివేసి ఊరుకోలేదు, కనబడితే తప్పుగా ఎంచింది. యూనికోడును శ్రద్ధగా వాడినవారికే ఈ శిక్ష! ఒకే ప్రోగ్రామును రెండు తరాలలోనూ నడపడం దుర్ఘటమైంది. మార్పిడికై ఒక సాధనం ఇచ్చారు గాని, ఫలానా వరుస బైట్లా పాఠ్యమా అన్న సంగతి వ్రాసినవాని మనస్సులోనిది. సాధనానికి ఎట్లా తెలుస్తుంది?

ఇంతకంటే నేర్పైన మార్గం లేకపోలేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను రూపొందించినప్పుడు పాత ఆస్కీ పత్రం ఒక్క బైటైనా మారకుండా కొత్త పద్ధతిలో చెల్లేటట్లు చూచారు.

పైథాన్ నిర్వాహకులు 2012లో, 3.3 కూర్పులో, యు గుర్తును తిరిగి అనుమతించారు. శాతపు గుర్తుతో బైట్లలో విలువలు పొదిగే పద్ధతి 2015లో 3.5తో మళ్ళీ వచ్చింది. పాత తరానికి 2015తో స్వస్తి చెప్పదలచినవారు గడువును 2020కి పొడిగించవలసివచ్చింది. దాని చివరి కూర్పు 2.7.18 ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వెలువడింది.