దేవనకొండ పదును లెక్క

2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతుల ఫోన్లకు తెలుగులో ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. వేరుశనగ విత్తుకోవడానికి ఏ వారం అనుకూలమో అందులో ఉంది. చదవడానికి అరనిమిషం పట్టని ఆ కబురు వెనక ముప్పై ఏళ్ల వాతావరణ వివరాలు, మట్టి పరీక్షలు, రోజువారీ వాన కొలతలు, రాబోయే వానల అంచనాలు ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని అది. పరిశోధకులకు కృత్రిమ మేధ ఎలా తోడ్పడాలో చర్చలు చాలానే జరుగుతున్నాయి. ఆ తోడ్పాటు నేలమీద ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం ఈ పనిని విడదీసి, ఒక్కో భాగాన్నీ చేతిలోకి తీసుకుని పరిశీలించాలి.

ముందు సమస్య చూద్దాం. కర్నూలు పడమటి మండలాల్లో సేద్యం చాలావరకు వాన మీదే. రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె మొదలవుతూనే, జూన్ తొలివారంలో నాలుగు చినుకులు పడితే గొర్రు కట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఆ తొందరకు కారణముంది. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి ఆగదు. ఈ పదును పోగొట్టుకుంటే మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అయితే తొలివానను నమ్మి వేసిన విత్తనానికి ఇంకో గండం కాచుకుని ఉంటుంది. వెనకాల వాన రాకపోతే మొలక సరిగా రాదు, వచ్చింది కూడా పలచబడుతుంది. వేరుశనగకు ఎకరాకు యాభై, అరవై కిలోల గింజలు పడతాయి. చిరుధాన్యాల మాదిరి పిడికెడు విత్తనం చల్లి చూసే పంట కాదు. ఒకసారి చెడితే మళ్లీ విత్తనం కొనే స్తోమత చాలామందికి ఉండదు.

ఈ మొక్క నిర్మాణంలోనే ఇంకో చిక్కుంది. విత్తిన నెల రోజులకు పూత వస్తుంది. పూత నేల పైన, కాయ నేల లోపల. పువ్వు వాడాక ఊడ బయలుదేరి మట్టిలోకి దిగితేనే కాయ ఊరుతుంది. ఆ రోజుల్లో బెట్ట పట్టి నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. అందువల్ల విత్తే తేదీని ఎంచుకోవడమంటే, ఆ తర్వాత వంద రోజులకు పైగా పంటలోని ఏ దశ ఏ వానకు ఎదురుపడుతుందో ముందే ఎంచుకోవడం. దేవనకొండ పనిలోని మొదటి నైపుణ్యం ఈ చిక్కును ఒకే ఒక్క ప్రశ్నగా కుదించడంలో ఉంది: ఏ వారం విత్తితే మొక్కకు కావలసిన తేమ నేలలో దొరికే అవకాశం ఎక్కువ?

పనిలో మొదటి భాగం కొలబద్ద. ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు మాయిశ్చర్ అడిక్వసీ ఇండెక్స్‌ను ఎంచుకున్నారు. దాన్ని ఇక్కడ తేమ సూచిక అందాం. నేలను ఒక జమాఖర్చుల పుస్తకంగా చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. వాన జమ. పల్లానికి పారిపోయిన నీరు, వేళ్లకు అందనంత లోతుకు ఇంకిపోయిన నీరు, ఎండకు ఆవిరై పోయింది, మొక్క పీల్చుకుని ఆకుల ద్వారా వదిలింది, ఇవన్నీ ఖర్చు. మిగిలింది నిల్వ. నీటికి ఏ కొరతా లేకపోతే ఒక వారంలో నేలా పైరూ కలిసి ఎంత నీరు ఆవిరిగా వదలగలవో ఎండ, వేడి, గాలి, గాలిలోని తేమ చూసి లెక్కగడతారు. నిజంగా ఎంత వదిలాయో నిల్వను బట్టి తేలుస్తారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే తేమ సూచిక. ఒక వారంలో పంటకు 40 మిల్లీమీటర్ల నీరు కావాలి, నేల ఇవ్వగలిగింది 20 మాత్రమే అనుకుందాం. సూచిక 0.5. అంటే పంట సగం దాహంతో ఉందన్నమాట.

వాన కొలతను నేరుగా వాడకుండా ఈ సూచికను పట్టుకోవడంలోనే వ్యవసాయ శాస్త్రవేత్త చెయ్యి కనబడుతుంది. ఒక్క సాయంత్రం కుండపోతగా కురిసిన 60 మిల్లీమీటర్లు, వారంలో నాలుగు దఫాలుగా కురిసిన 60 మిల్లీమీటర్లు వానమాపకంలో సమానమే. చేనులో సమానం కావు. మొదటిదానిలో ఎక్కువ భాగం వంకల పాలవుతుంది, రెండోది మట్టిలోకి దిగుతుంది. అలాగే ఒకే వాన లోతు తక్కువ ఎర్రనేలలో కొద్ది రోజులే నిలుస్తుంది, నల్లరేగడిలో వారాల తరబడి నిలుస్తుంది. యంత్రానికి వాన అంకెలు మాత్రమే ఇచ్చి దిగుబడి చెప్పమంటే, ఈ తేడాలన్నీ అది సొంతంగా కనిపెట్టుకోవాలి. అందుకు కావలసినంత సమాచారం ఒక మండలంలో దొరకదు. పంటకు నీరు ఎలా అందుతుందో తెలిసిన సూత్రాన్ని ముందే అమర్చితే, నేర్చుకోవలసింది తగ్గుతుంది, నేర్చుకున్నది నిలబడుతుంది.

రెండో భాగం గతం. దేవనకొండ ప్రాంతానికి 1986 నుంచి 2015 వరకు ముప్పై ఏళ్ల వాతావరణ వివరాలను విశ్లేషించారు. మన పెద్దలు ఏడాదిని 27 కార్తెలుగా పంచి సేద్యం నడిపారు. వ్యవసాయ వాతావరణ శాస్త్రం 52 వారాలుగా పంచుతుంది. ఆ లెక్కలో 23వ వారం జూన్ 4 నుంచి 10 వరకు, 26వ వారం జూన్ 25 నుంచి జూలై 1 వరకు. ముప్పై ఏళ్లలో ఒక్కో వారానికి తేమ సూచిక కట్టి పక్కపక్కన పెడితే, ఏ వారం నుంచి తేమ నమ్మకంగా నిలుస్తుందో, ఏ వారంలో ఏళ్లకేళ్లు తేడా ఎక్కువో బయటపడుతుంది. ఇక్కడ సగటు వాన ఒక్కటే చూస్తే మోసపోతాం. పదేళ్లు వరదలా కురిసి, ఇరవై ఏళ్లు ఎండిన వారానికి కూడా సగటు వాన ఘనంగానే వస్తుంది. రైతుకు కావలసింది ఎన్నేళ్లలో తేమ చాలింది, ఎన్నేళ్లలో చాలలేదు అన్న లెక్క. రాయలసీమ లాంటి చోట ఈ జాగ్రత్తే సలహాకు ప్రాణం.

మూడో భాగం వర్తమానం, భవిష్యత్తు. గతం ఎంత చెప్పినా, ఈ ఏడాది వాన ఈ ఏడాదిదే. అందుకని రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం రోజూ నమోదు చేసే వాన కొలతలతో అప్పటికప్పుడు తేమ సూచిక కట్టారు. రాబోయే రోజుల సూచికకు అమెరికాకు చెందిన అవేర్ అనే సంస్థ ఇచ్చిన వాతావరణ అంచనాలు తీసుకున్నారు. అంచనాల లెక్కలు పెద్ద పెద్ద గళ్లుగా వస్తాయి. ఒక గడిలో ఎన్నో ఊళ్లు, గుట్టలు, చెరువులు ఇమిడిపోతాయి. కానీ మా ఊళ్లో కురిసి పక్క ఊళ్లో చినుకు పడని రోజులు సీమలో ఎవరికి తెలియవు? అందుకే ఆ పెద్ద అంచనాను చిన్న ప్రాంతానికి తగినట్టు దించుకోవాలి. మెషిన్ లెర్నింగ్ బాగా అక్కరకొచ్చే చోటు ఇదే. ఫలానా గాలి, ఫలానా మబ్బు ఉన్నప్పుడు అంచనా ఏం చెప్పింది, స్థానిక వానమాపకం ఏం చూపింది అని వేల రోజులు పోల్చి చూస్తే, అంచనా ఏ వైపు ఎంత తప్పుతుందో యంత్రం పట్టుకుంటుంది. ఇంత ఓపిక మనిషికి కష్టం.

ఈ రకం పనుల్లో పనితనానికి అసలు పరీక్ష సరిచూసుకోవడంలో ఉంటుంది. ముప్పై ఏళ్ల వివరాలుంటే అన్నిటినీ యంత్రానికి నేర్పించకూడదు. కొన్నేళ్లు పక్కన దాచి, మిగిలినవాటితో నేర్పించి, దాచిన ఏళ్లను అడగాలి. దాచేటప్పుడు కూడా విడివిడి రోజులు ఏరి దాచకూడదు, మొత్తం ఏడాదినే దాచాలి. జూన్ 10ని చూపించి జూన్ 11ని దాస్తే యంత్రం పక్కరోజును చూసి చెప్పేస్తుంది. మార్కులు బాగా వస్తాయి, విత్తే నాటికి పనికి రాదు. పరిశోధకుడి పక్కన గణనం తెలిసిన మనిషి ఉండవలసింది ఇలాంటి పొరపాటు పట్టుకోవడానికే.

ఈ భాగాలన్నీ కలిసి 2016కు ఇచ్చిన జవాబు: జూన్ 24 నుంచి విత్తుకోవచ్చు. ఆనవాయితీకి దాదాపు మూడు వారాలు ఆలస్యం. పక్కచేలల్లో గొర్రులు తిరుగుతుంటే దుక్కి చేసిన చేను గట్టున ఆగి ఉండటం చిన్న విషయం కాదు. ఆ నిరీక్షణకు తగిన నమ్మకం కలిగించేలా కబురును తీర్చిదిద్దారు. స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు, చేనులో సెన్సర్లు అక్కర్లేదు. మామూలు మీటల ఫోన్ చాలు. కోత అయ్యేదాకా పది సలహాలు వెళ్లాయి. ఎప్పుడు విత్తాలో చెప్పి ఊరుకోలేదు. పశువుల ఎరువు ఎంత వేయాలి, మట్టి పరీక్షను బట్టి ఏ ఎరువు ఎంత, విత్తనశుద్ధి ఎలా, ఎంత లోతున విత్తాలి అన్నీ పని వరుసలో చెప్పారు. ఊరి నేల ఆరోగ్యం, ఎరువుల మోతాదు, ఏడు రోజుల వాతావరణ అంచనా చూపే గ్రామస్థాయి డాష్‌బోర్డు దీనికి తోడుగా నిలిచింది.

సలహా పాటించిన రైతులకు ఆ ఏడాది దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చింది. ఈ అంకెను దాని కొలతలోనే చూడటం దానికి మర్యాద. అది ఒక మండలం, ఒక పంట, ఒక వానాకాలం. విత్తే తేదీతో పాటు ఎరువు, విత్తనశుద్ధి సలహాలు కూడా అందాయి కాబట్టి, లాభమంతా తేదీ ఒక్కదాని ఖాతాలో వేయలేం. ఈ పనిని ఇంకా చోట్ల, ఇంకా పంటల మీద చూడాలి. 2017 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు దీన్ని విస్తరించారు. పంటను బట్టి 10 నుంచి 30 శాతం వరకు దిగుబడి పెరిగింది. తక్కువ పెరిగిన పంట, ఎక్కువ పెరిగిన పంట రెండూ కలిసి ఆ అంకెకు విశ్వసనీయత తెచ్చాయి.

ఇప్పుడు మొత్తం పనిని ఒక్కచోట చూస్తే ఎవరి వంతు ఏమిటో స్పష్టంగా కనిపిస్తుంది. ఏది కొలవాలో నిర్ణయించింది నేల తెలిసిన శాస్త్రవేత్త. అంత సమాచారాన్ని సమయానికి నడిపించింది గణన యంత్రాంగం. రోజూ వాన కొలిచింది ప్రభుత్వ వ్యవస్థ. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఎస్సెమ్మెస్ లేదు.

ఇదే పొందిక ఇంకో పనిలోనూ కనబడుతుంది. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్, జర్మనీకి చెందిన పీట్ సంస్థ కలిసి 2017లో ప్లాంటిక్స్ యాప్‌ను తెలుగులోకి తెచ్చాయి. ఆకు ఫొటో తీస్తే తెగులేదో చెబుతుంది. ఇలాంటి యాప్‌కు నేర్పే ఫొటోలకు పేరు పెట్టేవారు ఎంత నిశితంగా చూడాలో వేరుశనగ తిక్క తెగులే చెబుతుంది. ఇందులో త్వరగా వచ్చే ఆకుమచ్చ ఆకు పైభాగాన గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. ఆలస్యంగా వచ్చే మచ్చ ఆకు అడుగున దాదాపు నల్లగా ఉంటుంది. ఆకు తిప్పి అడుగు ఫొటో కూడా తీయమని చెప్పగలిగేది తెగుళ్ల శాస్త్రవేత్త ఒక్కరే. ఆ మాట చెవిన వేసుకోని యంత్రం లక్ష ఫొటోలు చూసినా తడబడుతుంది.

సీమలో నేల, పంట తెలిసినవారూ, గణనం తెలిసినవారూ దగ్గర దగ్గరే ఉన్నారు. 1906 నుంచి నంద్యాలలో పనిచేస్తున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం, కె-6 లాంటి వేరుశనగ రకాలను ఇచ్చిన కదిరి కేంద్రం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఒకవైపు. కర్నూలులో 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డీఎం, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మరోవైపు. వీళ్లను కలపడానికి ఖరీదైన కంప్యూటర్ల కంటే ముందు కావలసింది కలిసి కూర్చునే ఏర్పాటు. ఉదాహరణకు, భూగర్భ జలాల మీద పనిచేసే పరిశోధకురాలి దగ్గరికి మెషిన్ లెర్నింగ్ తెలిసినవారు ఒక పూర్తి వానాకాలం పాటు వెళ్లి కూర్చోవాలి. ఆమె కొలతలు ఎక్కడ, ఎలా, ఏ పరికరంతో తీశారో అడగాలి. ఖాళీగా ఉన్న గడి అంటే వాన లేదనా, కొలవలేదనా అని తేల్చుకోవాలి. ప్రశ్నను ఒక్క వాక్యానికి కుదించాలి, పరీక్షకు ఏ ఏళ్లు దాచాలో ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. జవాబు ఎవరికి, ఏ రోజుకు, ఏ రూపంలో చేరాలో మొదటే రాసుకోవాలి.

పని మొదలు పెట్టడానికి సామగ్రి కూడా పరిశోధన కేంద్రాల్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి రాసిన వాన రిజిస్టర్లు, విత్తిన తేదీలు, పూత తేదీలు, దిగుబడులు ఉన్న ప్రయోగాల నోటు పుస్తకాలు యంత్రం చదవగలిగే పట్టికలుగా మారాలి. పేరు రాని పని అది, విసుగు పుట్టించే పని కూడా. కానీ దేవనకొండలో మొత్తం కట్టడాన్ని మోసింది ముప్పై ఏళ్లుగా పేరుకున్న అలాంటి కొలతలే. విశ్వవిద్యాలయాలు కృత్రిమ మేధకు డబ్బు కేటాయించేటప్పుడు మొదటి రూపాయి ఆ పట్టికలు ఎక్కించే చేతులకు, రెండో రూపాయి పరిశోధకుడి పక్కన కూర్చునే మనిషి జీతానికి వెళ్లాలి. యంత్రం వంతు ఆ తర్వాత.