ఏడాదికొక రుచి

గత మార్చిలో టోక్యో నుంచి మిత్రులొకరు తెచ్చిన చాక్లెట్లను లండనులో మా ఇంటిల్లిపాదీ రుచి చూసి పదికి మార్కులు వేశాము. 1992 నుంచి చలికాలంలోనే అమ్ముతున్న మెయిజీ వారి మెల్టీకిస్‌కు 9: నాలుకకు తాకగానే వెన్నలా కరిగిపోయింది. చేదు దాచుకోని మాచా తేయాకు చాక్లెట్‌కు 8. వసంతకాలపు సకురా చాక్లెట్‌కు 5 మాత్రమే. ఉప్పులో ఊరిన చెర్రీ ఆకు పరిమళం రావలసినచోట పంచదారే మిగిలింది. పిల్లలు దానికే 10 ఇచ్చారనుకోండి!

మళ్ళీ ఎప్పుడని వాళ్ళు అడిగితే, ఏడాది ఆగాలన్నాము. ఆ మాట మా ఇంట్లో కొత్త. డబ్బా మామిడి గుజ్జు ఏడాది పొడుగునా తినే పిల్లలకు ఎదురుచూడడం మేము నేర్పలేదు. ఇక మిగిలింది ఉగాది పచ్చడి ఒక్కటే. దాన్నైనా ఆ రోజునే చేసుకుందాము.