నూటొక్క మంది బల్ల

హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని భోజనాల బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. నిజాముల తర్వాత అంతటివాళ్లు పైగా వంశీయులు. ఆ వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టి, పూర్తయ్యేసరికి అప్పుల్లో కూరుకుపోయాడు. చివరికది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు చేరింది. 1911లో ఆయనా పోయాక, ఎప్పుడో ఓ పెద్ద అతిథి దిగితే తప్ప అక్కడ వడ్డన లేదు. ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి, 2010లో తాజ్ హోటల్‌గా తెరిచాకే మళ్లీ కంచాల చప్పుడు.

దొరలు పోయినా బల్ల నిలిచిందంటారు. బల్ల దానంతటది నిలవదు, ఎవరో నిలబెట్టాలి.

మా దివిసీమలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో చల్లపల్లి జమీందారీ కాలం చెల్లింది. ఉప్పుగాలి మాత్రం ఏ చట్టానికీ లొంగదు. ఆ గాలికి బల్లలోని ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ ఉన్న టేకును నల్లబరుస్తుంది. కొయ్య మేకుతో ఆ బెడద లేదు. వానాకాలంలో సొరుగు బిగుసుకుంటే నేను చిత్రిక పట్టించను. ఎండలు రాగానే చెక్క ఆరి అదే వదులవుతుంది. తొందరపడి చెక్కిస్తే వేసవిలో లొడలొడలాడుతుంది.

లక్క పాలిష్‌కీ ఓపికే కావాలి. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పలచగా రుద్ది, ఒక పొర ఆరాక మరో పొర వేయాలి. వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుంది, నిజమే. కాస్త స్పిరిట్ తడిపిన దూదిని పైపైన ఆడిస్తే, ఆ పాత లక్కే మెత్తబడి సర్దుకుంటుంది. ఇప్పటి గట్టి పాలిష్‌లకు మచ్చ అంత తేలిగ్గా పడదు. లోతుగా గీత పడిందా, తరచూ పైనంతా గీకి మళ్లీ వేయాల్సిందే.

బల్ల చేయించినవాడి గొప్ప ఒక తరం నిలుస్తుంది. తరవాతదంతా తుడిచినవాళ్ల గొప్పే. మీ ఇంట్లో తాతలనాటి బల్ల ఉంటే వడ్రంగితో ‘కొత్తదానిలా చెయ్యి’ అనకండి. ‘కదిలిన కుసులు బిగించి, లక్క వెయ్యి’ అనండి. చిత్రిక పట్టించాలనిపిస్తే ఎండాకాలం దాకా ఆగండి.