మోకాలి నొప్పి, ఊరి బావి

విపశ్యన శిబిరానికి వెళ్లొచ్చిన వాళ్లను కదిపి చూడండి, అందరూ మోకాళ్ల గురించే చెబుతారు. నేనూ అంతే. తెల్లారుజాము నాలుగింటి గంట, సాయంత్రం ఐదింటి మరమరాలు, ఫోన్ లేకపోవడం ఎలాగో గడిచిపోతాయి. నాలుగో రోజు నుంచి అధిష్ఠానం. గంటసేపు కాళ్లు కదపకూడదు, చేతులు విప్పకూడదు, కళ్లు తెరవకూడదు. ముప్పావుగంట దాటేసరికి కుడి మోకాలి వెనక భగ్గుమంటుంది. తిట్టుకోకుండా, తోసెయ్యకుండా ఊరికే చూడమంటారు. చూస్తుంటే ఆ ఒక్క మంటా విడివిడిగా తెలిసింది: ఇక్కడ సలుపు, అక్కడ తిమ్మిరి, పక్కన ఉత్త వేడి. నొప్పి ఎక్కడికీ పోలేదు గానీ దాని మీద కోపం తగ్గింది.

ఇది బుద్ధుడి నాటి పద్ధతే అంటారు. కావచ్చు. గుమాస్తాలూ గృహిణులూ ఇలా వరసగా కూర్చోవడం మాత్రం బర్మా చలవ. 1885లో ఇంగ్లీషువాళ్లు థీబా రాజును గద్దె దించి రత్నగిరికి పంపేశారు. ధర్మాన్ని కాచే రాజు పోయాక ఆ భారం మామూలు జనమే మోయాలని లెడి సయాడో వంటి భిక్షువులు సంసారులకూ ధ్యానం నేర్పారు. ఆయన శిష్యుడు సయా తెట్‌జీ రైతు. ఆ రైతు శిష్యుడు ఊ బా ఖిన్ అకౌంటెంట్ జనరల్. తల నుంచి కాలి వేళ్ల దాకా ఒక్క భాగమూ వదలకుండా చూడమన్నప్పుడల్లా, పద్దులు సరిచూసే ఆఫీసరే నా కళ్ల ముందు మెదిలాడు. పార్శ్వనొప్పితో ఆయన్ని ఆశ్రయించిన వ్యాపారి గోయెంకా 1969లో దీన్ని ఇండియాకు తెచ్చారు.

అదే బర్మాలోని రంగూన్‌కు 1954లో ప్రపంచ బౌద్ధ సమ్మేళనం కోసం అంబేద్కర్ వెళ్లారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించారు. ఆయన ఎదుట ఉన్న దుఃఖం ఊరి బావి దగ్గరిది, గుడి గడప దగ్గరిది. గత జన్మ కర్మ వల్లే ఈ జన్మలో పేదరికమన్న వాదం బుద్ధుడిది కాదని, తాను పోయాక 1957లో వెలువడిన పుస్తకంలో అంబేద్కర్ తెగేసి చెప్పారు. ఒకరు పెట్టిన బాధను ఊరికే చూస్తూ కూర్చోమని వెలివాడ మనిషికి చెప్పడానికి నాకైతే నోరు రాదు.

పదో రోజు మౌనం విడిచాక పక్క ఆసనం పెద్దాయన్ని పలకరించాను. ఇంట్లో బుద్ధుడి పటం ఉందట, అంబేద్కర్ పటం పక్కనే.

"మరి ఇన్నాళ్లూ రాలేదేమండీ?"

"కూర్చుంటే హక్కులొస్తాయా అనేవాడు సార్ మా నాన్న. ఇప్పుడు బీపీ తగ్గుతుందని మా అమ్మాయి పంపింది."