తప్పు కట్టేవాళ్ళు

నిఘంటువుల్లో తప్పుకు అర్థం పొరపాటు, పొరపాటుకు అర్థం తప్పు. ఒకదాన్ని వెతికితే రెండోదాని దగ్గరికి పంపుతాయి. రాసినాయన ఊరి రచ్చబండ దగ్గర నిలబడి విన్నట్టు లేదు. వినుంటే ఆ రెండు మాటల్నీ అందరికీ ఒకేలా వాడరని తెలిసేది.

పల్లెల్లో తప్పు అంటే చేసిన పనే కాదు, దానికి కట్టే జుల్మానా కూడా. ‘పెద్దమనుషులు తప్పు వేశారు’, ‘తప్పు కట్టి బయటపడ్డాడు’ అంటారు. ‘పొరపాటు కట్టాడు’ అని ఎవరూ అనరు. పొరపాటుకు వెల లేదు, ‘పోనీలే’ అంటే పోతుంది. పరీక్ష ఫీజు ఆలస్యమైన విద్యార్థి కట్టే ‘అపరాధ రుసుము’లోనూ ఈ పాత లెక్కే ఉంది. ఎవరు వేస్తారు, ఎవరు కడతారు అనే దాంట్లోనే ఈ మాటకు అసలు అర్థం ఉంది. (మన కులపంచాయితీలు మన ఆడవాళ్ళ మీద వేసిన తప్పుల్ని దాచిపెట్టి ఈ చర్చ చేయలేం.)

1985లో కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర పెత్తందారీ కులం కుర్రాళ్ళు గేదెల కుడితి బకెట్లు కడిగారు. అది తప్పు కాలేదు. ‘ఇదేం పని’ అన్న నోరు తప్పయింది. జూలై 17న ఆరుగురిని చంపారు.

‘తప్పులో కాలేశాడు’ అని నవ్వుతూ అంటుంటాం. 1991 జూలైలో చుండూరు సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులం కుర్రాడికి తగిలింది. చీకట్లో ఎవరి కాలైనా తగులుతుంది. ఆ కాలికి మాత్రం తప్పు వేశారు. ముందు సాంఘిక బహిష్కరణ, ఆగస్టు 6న ఎనిమిది ప్రాణాలు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇలాంటి దాడి జరిగిన ప్రతిచోటా రాజీకొచ్చే పెద్దలు ‘కుర్రాళ్ళు ఆవేశంలో పొరపాటు చేశారయ్యా’ అంటారు. ఆ మాట ఊరికే దొర్లింది కాదు.

నెత్తురు చిందని చోట, బడిలో, ఇదే లెక్క ఎర్రసిరాతో నడుస్తుంది. గూడెం పిల్ల ‘బాస’ అని రాస్తే పంతులు సున్నా చుడతాడు. వారం తిరక్కుండా ఆయనే ప్రకృతి-వికృతుల పాఠంలో ‘భాష - బాస’ అని బోర్డు మీద రాస్తాడు, పరీక్షలో దానికి మార్కు కూడా ఇస్తాడు. వ్యాకరణం నోట తద్భవమైనది పిల్ల నోట తప్పయింది. నిజానికి ‘భ’, ‘ధ’ లాంటి ఒత్తక్షరాలు తెలుగులోకి చాలావరకు సంస్కృతం మాటలతో వచ్చినవే. గిడుగు రామమూర్తి గ్రాంథికంతో కొట్లాడి నిలబెట్టింది కూడా శిష్ట వ్యావహారికమే. ఆ పోరాటం చిన్నదని అనను. కానీ మన ఇళ్ళు ఆ శిష్టుల లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు దళిత కథ పత్రికకు వెళ్తే ‘భాష కాస్త సరిచేశాం’ అంటారు. పత్రిక వాళ్ళు చేసినదాని పేరు అచ్చుతప్పు, దాన్ని పాఠకులే దిద్దుకుని చదువుకోవాలి. మన మాటను మాత్రం అచ్చు కాకముందే దిద్దేస్తారు.